కోయంబత్తూరులో ఎటు తిరిగినా నాయుడు గార్ల పేర్లేనేంటి? ఒక్క ఊళ్ళో అంతమంది పారిశ్రామికవేత్తలు ఎలా పుట్టుకొచ్చారు?

వైండింగ్‌షాపు_తెనాలి

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నాన్నకి మోటారు వైండింగ్ షాపు ఉంది, ముప్ఫై ఏళ్ళ పైమాటే, నేను ఆ వార్నిష్ వాసనలోనే పెరిగాను. షాపుకి వచ్చే పది మోటార్లలో ఆరేడింటి ప్లేటు మీద ఒకటే పేరు ఉంటుంది, కోయంబత్తూరు. చిన్నప్పుడు అది ఊరని తెలీదు, కంపెనీ పేరేమో అనుకునేవాణ్ణి.

పోయిన నెల స్పేర్ల పని మీద మొదటిసారి ఆ ఊరు వెళ్ళాను. ఎయిర్‌పోర్టు వైపు నుంచి టౌన్లోకి వస్తుంటే అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల ఫ్లైఓవర్, దాని పేరు జి.డి.నాయుడు. కింద పీఎస్‌జీ కాలేజీలు, అవి పెట్టింది నాయుళ్ళే అన్నారు. ఇంకాస్త ముందుకొస్తే లక్ష్మీ మిల్స్ సెంటరు, అదీ నాయుళ్ళదే. ఆకలేసి అన్నపూర్ణలో సాంబారు ఇడ్లీ తిన్నాను, ఆ హోటలు పెట్టింది దామోదరస్వామి నాయుడు గారట. ఇదేంటి సామీ అనుకున్నా. ఇక స్పేర్ల షాపులో నేను నాన్నకి ఫోన్ చేసి "కుదిరేలా లేదు, ముసలాయన గట్టోడు" అంటుంటే కౌంటరు వెనక పెద్దాయన నవ్వుతూ "ఇంకొంచెం తగ్గిస్తాలే, మీ నాయనకి సెప్పు" అన్నాడు, తెలుగులో! సిగ్గుతో చచ్చాననుకోండి.

నా డౌట్లు ఇవి. ఆ ఊరికి ఓడరేవు లేదు, బొగ్గు లేదు, నొయ్యల్ అని ఒక నది ఉందంటారు గానీ మన కృష్ణ ముందు అది పిల్లకాలవ. అలాంటి చోట మిల్లులు, పంపులు, గ్రైండర్లు, లేత్ మిషన్లు, ఇన్ని ఎలా వచ్చాయి? అసలు ముందు మొదలుపెట్టింది ఎవరు? పక్కనే ఉన్న మన దగ్గర అలాంటి ఊరు ఒక్కటి కూడా ఎందుకు తయారవలేదు?

ఇంకో చిన్న విషయం. షాపులో బెంచీ కింద ఒక పాత మోటారు ఉంది, నాన్న దాన్ని తుక్కుకి వెయ్యనివ్వడు. తాతయ్యది వినుకొండ వైపు మెట్ట వ్యవసాయం, బావి మీద ఆడిన మోటారు అది. ప్లేటంతా పెయింటూ తుప్పూ, చివర్లో "టోర్" అన్న ముక్క మాత్రం కనపడుతోంది. అదీ ఆ ఊరిదే అయ్యుంటుంది. ప్లేటు పాడవకుండా శుభ్రం చేసే మార్గం ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

పీలమేడు_పాత_స్టూడెంట్

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. మాది ఒంగోలు, నేను తొంభైల్లో పీఎస్‌జీ టెక్‌లో మెకానికల్ చదివాను, నాలుగేళ్ళు అన్నపూర్ణ సాంబారు మీదే బతికాను కాబట్టి కాస్త పక్షపాతం ఉంటే క్షమించు.

ముందు పీఎస్‌జీ సంగతి. అది పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారి పేరు. కోయంబత్తూరు పక్కనే ఉన్న పీలమేడులో పత్తి, వ్యవసాయం, తర్వాత మిల్లు. ఆయన నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకునేటప్పుడు నాలుగు వాటాలు కాదు, అయిదు వేశారు. అయిదోది ధర్మానికి. మన ఊళ్ళలో అన్నదమ్ములు గట్టు కోసం తలలు పగలగొట్టుకోవడం చూసినవాణ్ణి కాబట్టి మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. ఆ డబ్బుతో గుడో సత్రమో కట్టి ఊరుకోలేదు, ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అంటే బడి, దానితోపాటే నిజంగా సరుకు తయారుచేసి అమ్మే వర్క్‌షాపు. పంపులు, మోటార్లు, మిషన్లు. ఇంజనీరింగ్ కాలేజీ 1951లో ఆ తర్వాత వచ్చింది, అదే కాంపౌండులో. చాలా చోట్ల ముందు కాలేజీ కట్టి, తర్వాత ల్యాబుకి మిషన్లు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతారు. అక్కడ వరస తిరగబడింది. మేము వర్క్‌షాపు క్లాసుకి వెళితే పక్క షెడ్డులో మామూలు కార్మికులు షిఫ్టు పని చేస్తూ ఉండేవాళ్ళు, మేము ఆకురాయితో ఇనుము అరగదీసిన తీరు చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. హెచ్‌సీఎల్ శివ్ నాడార్ చదివింది ఈ కాలేజీలోనే. మన వైపు మెకానికల్ చదివినవాళ్ళకి డిజైన్ పరీక్షలో వాడే పట్టికల పుస్తకం, పీఎస్‌జీ డేటా బుక్, గుర్తుండే ఉంటుంది, ఆ మూడక్షరాలు ఈ పీలమేడు పెద్దాయనవే.

జి.డి.నాయుడు కథ వేరు. 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. బడి అంటే పడదు. ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద పోతుంటే చూశాడు, అంతే, అది కొనడం కోసం కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వరుగా పనిచేశాడు. కొన్నాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. 1920లో ఒకే ఒక్క బస్సు, పొల్లాచ్చి నుంచి పళనికి, డ్రైవరు కూడా తనే. అదే పెరిగి యూఎంఎస్ అనే పెద్ద బస్సు కంపెనీ అయింది. 1937లో ఆయనా, డి.బాలసుందరం నాయుడూ కలిసి పీలమేడులో మోటారు తయారుచేశారు, మన దేశంలో తయారైన మొదటి కరెంటు మోటారు అదే అని చెప్తారు. మీ షాపుకి వచ్చే మోటార్లకి ముత్తాత అన్నమాట. ఆ బాలసుందరమే తర్వాత టెక్స్‌టూల్ పెట్టి స్పిన్నింగ్ మిషన్లు చేశాడు. ఆయన్ని ఇవాళ ఎవరూ తలుచుకోరు, ఫ్లైఓవర్లన్నీ ఒక్కరికే పోతాయి.

ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అంటున్నారే, అది 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో మొదలైనప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఈ బడి మానేసిన మనిషే. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్ళు ఎందుకు, రెండేళ్ళు చాలు అని ప్రభుత్వంతో పేచీ పెట్టుకుని వదిలేశాడు. నాలుగేళ్ళు చదివినవాడిగా చెప్తున్నా, ఆయన మరీ అంత తప్పు కాదు.

ఆయన్ని భారత ఎడిసన్ అంటారు గానీ నాకా పోలిక నచ్చదు. ఆయన గురించి వాట్సాప్‌లో తిరిగేదాంట్లో సగం కల్పన. నాకు ఆయన్ని తలుచుకుంటే మన ఆటోనగర్ మెకానిక్కే గుర్తొస్తాడు, కొత్త బండి వస్తే ముందు విప్పి చూడకపోతే నిద్రపట్టని రకం. కాకపోతే ఈ మెకానిక్ దగ్గర బస్సుల డబ్బు ఉంది.

కోవై_ఇంటి_తెలుగు

వణక్కం, నమస్తే. నాకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాయడం రాదు. నేను నోటితో చెప్తుంటే మా ఆయన టైప్ చేస్తున్నారు, ఆయనది గుంటూరు, కాబట్టి నా తెలుగు కంటే ఇక్కడ మంచి తెలుగే కనపడుతుంది మీకు. (టైప్ చేస్తున్న ఆయన మాట: ఆవిడ మాటలు నేను దిద్దలేదు, "సెప్పు"ని "చెప్పు" చేశాను అంతే.)

మీరు కలిసిన పెద్దాయనలాంటి ఇళ్ళు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలో వచ్చామని మా పెద్దవాళ్ళు చెప్పేది. ఇంట్లో తెలుగు, బయట తమిళం, లెక్కలన్నీ తమిళంలో. మా నాయనమ్మకి తెలుగులో ఒక్క అక్షరం రాదు గానీ తిట్లన్నీ తెలుగులోనే తిట్టేది.

కానీ ఒక మాట. పై అన్నగారు రాసింది చదివితే ఎవరో నలుగురు నాయుళ్ళు వచ్చి ఊరు కట్టేశారు అన్నట్టుంది. అది కాదు. మా ఊరిది నల్లరేగడి, వాన తక్కువ. పత్తి వేసేవాళ్ళు. నీళ్ళు ఎక్కడో కింద ఉంటాయి, బావి తవ్వాలంటే రాతిని కొట్టాలి. మా తాతగారి బావి దగ్గర నిలబడి కిందకి చూస్తే కళ్ళు తిరిగేవి. ఎద్దుల్ని కట్టి తోలు సంచితో మోట తోలేవాళ్ళు, తెల్లవారుజామున మొదలుపెడితే పొద్దెక్కేసరికి ఎద్దులు నురగలు కక్కేవి అని నాయనమ్మ చెప్పేది. అలాంటి చోట 1930ల మొదట్లో పైకారా నుంచి కరెంటు వచ్చింది, నీలగిరి కొండల్లో నీటి కరెంటు. ఎద్దులు చేసే పని మోటారు చేస్తుందంటే రైతు ఆగుతాడా? ఆ మోటారు బొంబాయి నుంచో సీమ (ఇంగ్లండు) నుంచో ఎందుకు తెప్పించాలి అని ఇక్కడివాళ్ళు అనుకున్నారు. పంపుల కథ అక్కడ మొదలు.

మిల్లులు అంతకుముందు నుంచే ఉన్నాయి. మొదటి మిల్లు నాయుళ్ళది కాదు, రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషాయనది, 1888. తర్వాత 1910లో కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్స్. పైకారా కరెంటు వచ్చాక అయితే వరసపెట్టి వచ్చేశాయి. మిల్లు పెడితే మిషన్లు కావాలి, అవన్నీ సీమ నుంచే రావాలి, పాడైతే విడిభాగం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అందుకని ఇక్కడే చేసుకోవడం నేర్చుకున్నారు. కుప్పుస్వామి నాయుడు గారి కొడుకు దేవరాజులు గారు 1962లో స్విట్జర్లాండ్ రీటర్ వాళ్ళతో కలిసి లక్ష్మీ మెషిన్ వర్క్స్ పెట్టారు. ఇప్పుడు దేశంలో ఏ స్పిన్నింగ్ మిల్లుకి వెళ్ళినా ఆ మిషన్లు కనపడతాయి. బస్సుల వాళ్ళదీ ఇదే కథ. బస్సు ఉంటే రిపేరు షెడ్డు, షెడ్డు ఉంటే గాలి కొట్టే మిషన్. మీ ఊళ్ళో పంక్చర్ షాపులో కంప్రెసర్ మీద ఎల్జీ అని ఉంటుంది చూడండి, కొరియా ఫ్రిజ్‌ల కంపెనీ కాదు అది, ఇంటివాళ్ళ పేర్ల ముందుండే ఎల్, జి అన్న రెండక్షరాలు కలిపి పెట్టుకున్న కోయంబత్తూరు కుటుంబం.

ఇక నాయుళ్ళు కానివాళ్ళు. స్వతంత్ర భారతదేశానికి మొదటి బడ్జెట్ 1947 నవంబరు 26న పెట్టిన ఆర్థిక మంత్రి షణ్ముఖం చెట్టి మా ఊరాయనే, మిల్లు కుటుంబం. పొల్లాచ్చి నాచిముత్తు గౌండరు బస్సులతో మొదలుపెడితే కొడుకు మహాలింగం గారు శక్తి చక్కెర ఫ్యాక్టరీల దాకా తెచ్చారు. శ్రీకృష్ణ స్వీట్స్ మైసూర్‌పా మహాదేవ అయ్యర్ గారిది. నన్నడిగితే వీళ్ళందరికంటే దక్షిణాది ఆడవాళ్ళు దణ్ణం పెట్టాల్సింది పి.సభాపతి గారికి. 1955లో రోలుకి మోటారు బిగించి వెట్ గ్రైండర్ చేసింది ఆయన. నాయనమ్మ పొత్రం తిప్పీ తిప్పీ భుజం పోగొట్టుకుంది, అమ్మకి గ్రైండర్ వచ్చింది. మీరు ఫ్లైఓవర్లకి ఎవరి పేరన్నా పెట్టుకోండి, నా ఓటు మాత్రం ఆయనకే.

ఫ్లైఓవర్ అంటే గుర్తొచ్చింది. 2025 అక్టోబరులో అది తెరిచినప్పుడు ఇక్కడ పెద్ద గోల. వీధులకి కులం పేర్లు తీసెయ్యాలని ఒకపక్క ఉత్తర్వు, ఇంకోపక్క ఫ్లైఓవర్‌కి నాయుడు పేరా అని. నాయుడు తీసేసి జి.డి. అని పెడితే ఆటోవాడికి కూడా అర్థం కాదు కదా అని ఇంకొందరు. అన్నట్టు మీరు అక్కడ నాయుడు అంటే ఒకటనుకుంటారు, ఇక్కడ కమ్మవారు, బలిజలు, గవరలు అందరూ నాయుళ్ళే. కాబట్టి బోర్డు చూసి మనవాడే అని సంబరపడే ముందు కాస్త ఆలోచించండి :)

బోరు_బాషా_అనంతపురం

అక్క మోట గురించి చెప్తుంటే మా జేజి మాటలు గుర్తొచ్చినాయి. నేను బోర్లలో మోటార్లు దింపేవాణ్ణి, ఎత్తేవాణ్ణి. పుస్తకాల చరిత్ర తెలీదు గానీ ఆ ఊరి సరుకు ఎందుకు నడుస్తుందో చెప్తా.

ఒకసారి డీలరుతో పాటు ఆ ఊరు పోయినా. ఒక పంపు కంపెనీలో చూపిస్తారేమో అనుకుంటే, ఆయన ఒక స్కూటరు మీద ఎక్కించుకుని వీధి వీధీ తిప్పినాడు. ఒక షెడ్డులో కాస్టింగు, ఇంకోదాంట్లో షాఫ్టు తిప్పుతారు, ఆ పక్క వీధిలో స్టాంపింగులు కొడతారు, ఇంకో ఇంట్లో, ఇల్లే అన్నా, వరండాలో కూర్చుని ఇద్దరు ఆడోళ్ళు కాయిల్ చుడతాండారు. అన్నీ కలిసేది కంపెనీలో. అంటే ఇంపెల్లర్ (పంపులో నీళ్ళని తోసే చక్రం) డిజైన్ మార్చాలంటే పొద్దున చెప్తే సాయంత్రానికి ప్యాటర్న్ (పోత పోసే నమూనా) చేసిచ్చేవాడు పక్క వీధిలో ఉంటాడు. అదే మన ఊళ్ళో ఎవరన్నా పంపు కంపెనీ పెడతామంటే ఒక్క బుష్ కోసం బస్సెక్కాల. వాళ్ళ చిన్న పరిశ్రమల సంఘం కొడీసియా 1969 నుంచీ ఉంది, వాళ్ళ ఎగ్జిబిషన్ హాళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి. దేశంలో పంపుల్లో సగం ఆ ఊరివే అంటారు, నేను ఎత్తిన మోటార్లయితే సగం కాదు, ముప్పాతిక.

అట్లని అంతా బంగారం కాదు. కోయంబత్తూరు పేరు అమ్ముడుపోతుందని ఎక్కడో బిగించి ఆ ఊరి స్టిక్కరు అంటించేవాళ్ళు ఉండారు. పోయిన ఎండాకాలం మా ఊళ్ళో ఒక రైతుకి అట్లాంటిదే తగిలింది, వెయ్యి అడుగుల బోరు, మోటారు దింపి పన్నెండు రోజులు కాలేదు, కాలిపోయింది. ఎత్తి విప్పితే లోపల వైండింగు వైరు చూసి నాకే ఏడుపొచ్చింది. రాగి అని చెప్పి అల్యూమినియం. దింపేది ఎత్తేది కూలి రైతే పెట్టుకోవాల. ప్లేటు మీద ఊరు పేరు చూసి కొనద్దండీ, బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు కంపెనీకి ఫోన్ చేసి అడగండి.

తెనాలి తమ్ముడూ, ప్లేటుకి ఎమెరీ పేపరు పెట్టాకు. అక్షరాలు పంచ్ చేసి ఉంటే లోతుగా ఉంటాయి, పైన పెయింటే పోవాల. కిరసనాయిల్లో గుడ్డ తడిపి ప్లేటు మీద రాత్రంతా వేసి పెట్టు. పొద్దున పాత పళ్ళ బ్రష్షుతో మెల్లగా రుద్దు. అక్షరాల గుంటల్లో సుద్దపొడి రాస్తే చదవనీకి వస్తుంది.

మిల్లు_గేటు

అందరూ ఓనర్ల వంశవృక్షాలు బాగా చెప్పారు. మాది ఆదోని, నాన్న స్పిన్నింగ్ మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మిషన్ మీద పనిచేసి దగ్గుతోనే పోయాడు, అందుకే నాకు ఈ కథలు వింటే కాస్త మంటగా ఉంటుంది, ఏమనుకోకండి.

ఆ ఊళ్ళో ఇంకో రకం పేర్లు కూడా ఉన్నాయి. 1930ల్లో 40ల్లో మిల్లుల్లో పని గంటల కోసం, కూలి కోసం ఎన్ని సమ్మెలు జరిగాయో! సోషలిస్టు నాయకుడు ఎన్.జి.రామస్వామి యూనియన్లు కట్టాడు. చిన్నియంపాళయంలో రంగవిలాస్ మిల్లు గొడవలో నలుగురు కార్మికులకి ఉరిశిక్ష వేసి 1946 జనవరి 8న ఉరి తీశారు. రామయ్యన్, వెంకటాచలం, వైయ్యాపురి, చిన్నయ్యన్. అంటే స్వాతంత్ర్యానికి ఏడాదిన్నర ముందు. ఎయిర్‌పోర్టు దాటి కాస్త పోతే వచ్చే ఊరే అది. ఫ్లైఓవర్ దాకా చూసిన తమ్ముడు ఇంకొంచెం దూరం వెళ్ళి ఉంటే అక్కడ దిగేవాడు.

ఈ మధ్య కాలానికి వస్తే, ఆ చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో సుమంగళి అనే పద్ధతి నడిచింది. పేద ఇళ్ళ ఆడపిల్లల్ని మూడేళ్ళు హాస్టల్లో పెట్టి పనిచేయించుకుని, చివర్లో పెళ్ళికి పనికొస్తుందని ఒకేసారి కొంత డబ్బు ఇవ్వడం. మధ్యలో జబ్బుచేసి ఇంటికెళితే ఆ డబ్బు గోవిందా. పైకి ఎంత మంచి పేరో చూడండి, సుమంగళి! దాతృత్వం అయిదో వాటా నుంచి వచ్చింది సరే, ఆ మిగతా నాలుగు వాటాలు ఎవరి చెమటలోంచి వచ్చాయో కూడా ఒక లైను రాయండి.

పీలమేడు_పాత_స్టూడెంట్

@మిల్లు_గేటు, ఒప్పుకుంటున్నా. నాలుగేళ్ళు అక్కడ ఉండి చిన్నియంపాళయం బస్సు ఎన్నిసార్లు ఎక్కానో, ఆ నలుగురి గురించి ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాన్నగారి సంగతికి బాధగా ఉంది.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి, అందరు ఓనర్లూ ఒకటి కాదు. శాంతి గేర్స్ పి.సుబ్రమణియం గారని ఉండేవారు. గేర్ల కంపెనీ పెట్టి బాగా సంపాదించాక 2012లో దాన్ని మురుగప్ప గ్రూపు వాళ్ళ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌కి అమ్మేశారు. సింగానల్లూరులో ఆయన పెట్టిన శాంతి సోషల్ సర్వీసెస్ క్యాంటీన్ ఉంది. మా బ్యాచ్ వాళ్ళం కలిసినప్పుడు అక్కడ భోజనం చేశాం, బిల్లు చూసి మాలో ఒకడు తప్పు వేశారేమో అని మళ్ళీ కౌంటరుకి వెళ్ళాడు. మందుల షాపు, ల్యాబు కూడా అంతే చవక. ఆయన 2020లో పోయారు.

రక్తపరీక్ష_రాజు

పాతవాళ్ళేనా, మా ఫీల్డులో దేవుడు ఉన్నాడు. థైరోకేర్ వేలుమణి. కోయంబత్తూరు దగ్గర పల్లె, భూమి లేని రైతు కొడుకు, అమ్మ గేదెల్ని పెట్టుకుని పాలు అమ్మి పిల్లల్ని పెంచింది. బొంబాయి బార్క్‌లో (భాభా అణు పరిశోధన కేంద్రం) ఉద్యోగం వదిలేసి 1996లో థైరాయిడ్ పరీక్షలొక్కటే చేసే ల్యాబు పెట్టాడు. 2021లో 66 శాతం వాటా అమ్మితే 4,546 కోట్లు! కానీ పెట్టింది బొంబాయిలో కాబట్టి కోయంబత్తూరు లెక్కలోకి వస్తాడా రాడా మీరే చెప్పాలి.

కోవై_ఇంటి_తెలుగు

@రక్తపరీక్ష_రాజు వస్తాడు. పొదుపు గురించి మాట్లాడడం మొదలుపెడితే ఆపడు, అది చాలు మా ఊరివాడని చెప్పడానికి.

తణుకు_తాతయ్య

మన దగ్గర ఎందుకు కాలేదు అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను చెప్తాను. నాకు డెబ్భై దాటాయి, కాస్త పొడుగ్గా చెప్తే ఓపిక పట్టండి.

అసలు కాలేదని ఎవరన్నారు బాబూ? మా తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో ఆంధ్రా షుగర్స్ పెట్టారు. పంచదార దగ్గర ఆగకుండా రసాయనాల్లోకి వెళ్ళి, చివరికి ఇస్రో రాకెట్లకి వాడే ద్రవ ఇంధనం తయారుచేసిన ఊరు ఇది. రోడ్డు మీద ఎవర్నన్నా అడిగితే తణుకు అంటే పంచదార అంటారు, రాకెట్టు అని ఎవరూ అనరు. ఉయ్యూరులో వెలగపూడి రామకృష్ణ గారు ఐసీఎస్ ఉద్యోగం చేసినాయన, 1941లో కేసీపీ పెట్టారు. కానీ ఆ కేసీపీ వాళ్ళే భారీ మిషన్ల కర్మాగారం పెట్టేటప్పుడు మద్రాసు తిరువొత్తియూరులో పెట్టారు. అంతకుముందు చాలాకాలం మన రాజధాని అదే కదా. మనవాళ్ళ డబ్బు ముందు మద్రాసు పోయింది, తర్వాత హైదరాబాదు పోయింది, పుట్టిన ఊళ్ళో ఒక దాని పక్కన ఒకటి పేరుకోలేదు.

రెండోది, ఇది నా సొంత అభిప్రాయం. ఆ అమ్మాయి చెప్పిన బావి మాట పట్టుకోండి. మాకు కాటన్ దొర 1852కే ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఇచ్చేశాడు, మూడేళ్ళకి బెజవాడలో కృష్ణ మీద ఇంకోటి లేచింది. తూము ఎత్తితే చేలోకి నీళ్ళు. కాలవ గట్టున పడుకున్నవాడు పంపు ఎందుకు కనిపెడతాడండీ? వాడికి కావలసింది రైసుమిల్లు. అదే పెట్టాడు. మిగిలిన డబ్బుతో సినిమా తీశాడు. నేనే సాక్ష్యం, మా నాన్న రైసుమిల్లు వాటా అమ్మి ఒక సినిమాలో పెట్టాడు, అది రెండు వారాలు ఆడింది.

బోరు_బాషా_అనంతపురం

తాతయ్యా, సూపర్. కానీ మా అనంతపురంలో కాలవా లేదు, బావీ లోతే, మరి మాకెందుకు పంపు కంపెనీ రాలేదు?

తణుకు_తాతయ్య

మీకు పైకారా లేదు నాయనా. కరెంటు ఎప్పుడొచ్చింది మీ ఊరికి?

బోరు_బాషా_అనంతపురం

మా జేజిని అడిగి చెప్తా. నేను పుట్టినాక అయితే కాదు, అంతవరకూ గ్యారంటీ 😀

వైండింగ్‌షాపు_తెనాలి

అందరికీ చాలా థాంక్స్. నేను ఒక లైను జవాబు వస్తుందేమో అనుకున్నా. @మిల్లు_గేటు అన్నా, ఈసారి సరుకుకి వెళ్ళినప్పుడు చిన్నియంపాళయంలో దిగుతాను.

బాషా అన్న చెప్పినట్టే చేశాను. రాత్రి కిరసనాయిలు గుడ్డ వేసి పెట్టి, పొద్దున బ్రష్షుతో రుద్ది, సుద్దపొడి రాశాను. కంపెనీ పేరు సగమే మిగిలింది, దాన్నిబట్టి ఏమీ తేలదు. కింద మాత్రం పీలమేడు, కోయంబత్తూరు అని శుభ్రంగా వచ్చింది. ఆర్‌పీఎం 1440. హెచ్‌పీ ఉండాల్సిన గడిలో మాత్రం ఏమీ లేదు, ఎంత రుద్దినా గీతలే. తుప్పు తినేసిందేమో అని నాన్నకి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. తుప్పు కాదట. అప్పట్లో బావి మోటారుకి కరెంటు బిల్లు హెచ్‌పీని బట్టి స్లాబుల్లో వేసేవాళ్ళు కదా, ఏడున్నర అని కనపడితే ఎక్కువ రాస్తారని, లైన్‌మన్ వచ్చే ముందు రోజు తాతయ్యే ఆకురాయి పెట్టి గీకేశాడట. ఆ రోజు మోటారు కదలకుండా పట్టుకుని కూర్చున్నది మా నాన్న, అప్పుడు తొమ్మిదో తరగతి.